‘వత్తన్నా’ అన్నందుకు

మొన్న విజయనగరంలో పాత సహోద్యోగిని ఇంట శుభకార్యానికి వెళ్లి, మర్నాడు ఉదయపు రైలులో ఆమదాలవలసకు తిరిగి వచ్చాను. వంతెన మెట్లు దిగి ఇవతలి ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టబోతే పెట్టడానికి చోటు లేదు. హైస్కూలు వయసు ఆడపిల్లలు ఒక గుంపుగా, నీలం చొక్కాలు తొడుక్కుని, మనిషంత పొడవున్న సంచులను దారికి అడ్డంగా పడేసి, వాటి మీదనే కూర్చుని వేరుసెనగకాయలు ఒలుచుకుంటున్నారు. క్రమం తప్పిన వస్తువును చూసి ఊరుకోవడం ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నాకు చేతకాలేదు, విరమించిన తరువాత అలవడనూ లేదు. సంచులన్నింటినీ గోడ వారగా ఒకే వరుసలో పెట్టమని, తొక్కలు ఏరి బుట్టలో వేయమని చెప్పాను. నేనెవరినో, అలా చెప్పడానికి నాకున్న అధికారమేమిటో ఎవరూ అడగలేదు గాని, సంచి ఎత్తుకుంటూ ఒక పిల్ల, “మామ్మగారు ఎక్కడో మేడమ్మే అయ్యుంటారే, సూడు ఎలా సెప్తన్నారో” అని పక్కదానితో గొణగడం, మిగిలినవాళ్లు నోటికి చేతులు అడ్డం పెట్టుకోవడం నాకు వినపడుతూనే, కనపడుతూనే ఉన్నాయి. ఎక్కడికి ప్రయాణమని అడిగాను. “ఇసాపట్నం మామ్మగారూ. మన ఆడోళ్ల మేచ్ ఉన్నాది, న్యూజిలాండోళ్లతోటి. మమ్మల్ని సూపించడానికి తీసికెళ్తన్నారు” అని ఆ పిల్లే బదులు చెప్పింది.

వాళ్ల రైలు వచ్చింది, వాళ్లు వెళ్లిపోయారు. నేను శ్రీకాకుళం వెళ్లే ఆటోలో కూర్చున్నాను గాని, ఆ దేశం పేరు మాత్రం నాతోపాటే ఆటో ఎక్కి, ఇల్లు చేరేదాకా నన్ను వదలలేదు.

మా తరంవారికి చెబితే అర్థమవుతుంది గాని ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. ఆడవాళ్లు కూడా క్రికెట్టు ఆడతారని మన దేశంలోనే చాలామందికి తెలియని రోజుల్లో, న్యూజిలాండు ఆడవాళ్ల జట్టు మన దేశానికి వచ్చి, మన జట్టుతో ఒక్కొక్క నగరంలో ఆడుకుంటూ పోతూ, ఆ ఆటల నడుమ దొరికిన ఒక ఖాళీ రోజున విజయనగరంలో మా పిల్లలతో ఆడింది. పత్రికల్లో వచ్చిందో లేదో నాకు గుర్తు లేదు. వచ్చినా ఏ మూలనో రెండు ముక్కలు వచ్చి ఉంటాయి. ఆ రోజు మైదానం చుట్టూ గొడుగులు పట్టుకుని కూర్చున్నవారిలో ఇప్పుడు ఎందరు మిగిలారో తెలియదు. కనుక గుర్తున్నంతవరకు వరుస తప్పకుండా రాసి ఉంచడం మంచిదనిపించింది.

అప్పటికి నేను విజయనగరంలో ఒక ఆడపిల్లల కళాశాలలో గణితం చెబుతున్నాను. ఉద్యోగంలో చేరి ఎంతోకాలం కాలేదు. మా ప్రిన్సిపాలుగారు, గంజి పెట్టిన తెల్ల చీర తప్ప వేరొకటి కట్టని పెద్దావిడ, ఒకనాడు నన్ను తన గదికి పిలిపించి, కళాశాల క్రికెట్టు జట్టును ఇకమీదట నేను చూసుకోవాలని ఆజ్ఞాపించారు. ఆ ఆట గురించి నాకు అంతవరకు తెలిసినదల్లా, మా అన్నయ్య రేడియోకు చెవి ఆనించి కూర్చుంటే పొలానికి అన్నం ఎవడు పట్టుకెళ్తాడని మా అమ్మ వేసే కేకలు మాత్రమే. ఆ సంగతే విన్నవించుకున్నాను. ఆట తెలిసినవాళ్లు ఎక్కడైనా దొరుకుతారనీ, పిల్లలను వేళకు తీసుకువెళ్లి వేళకు తీసుకువచ్చేవాళ్లే దొరకరనీ ఆవిడ అన్నారు. మా వ్యాయామోపాధ్యాయుడు ఆట నేర్పేటట్టు, నేను తక్కినవన్నీ చూసేటట్టు ఒప్పందమైంది.

తెలియని పని మీద పడ్డప్పుడు పుస్తకం వెతుక్కోవడం నా స్వభావం. ఆట నియమాల పుస్తకం తెప్పించుకుని, చిన్నప్పుడు జ్యామితి చదివినట్టు సిద్ధాంతం వెంట సిద్ధాంతం చదివాను. చదివిన తరువాత ఆ ఆట మీద నాకు నిజంగానే గౌరవం కలిగింది. నేల మీద గీసిన సున్నపు గీతకు ఇవతల ఉన్న మనిషికి ఒక న్యాయం, జానెడు అవతల ఉన్న మనిషికి మరొక న్యాయం. మధ్యవర్తి వేలెత్తితే ఎదురు మాట లేకుండా వెళ్లిపోవడం. మన కళాశాల సమావేశాలు కూడా ఇలాగే జరిగితే ఎంత బాగుండునో అనుకునేదాన్ని.

ఆ జట్టులో మా మేనకోడలు ఉంది. అన్నయ్యకు పెద్ద కూతురు. ఆమదాలవలసకు అవతల మా ఊరు. పల్లంలో వరి, మెట్టలో చోళ్లూ గోగూ వేసుకునే సంసారం. డిగ్రీ చదువుకు ఆ పిల్లను నా దగ్గర విజయనగరంలో పెట్టారు. కళ్లాల్లో అన్నదమ్ముల వరసవాళ్లతో తాటిమట్ట పట్టుకుని ఆడుతూ పెరిగిన పిల్ల కనుక, ఎవరూ నేర్పకుండానే దాని చేతికి బ్యాటు అమిరింది. బంతి వస్తుంటే కంగారు పడేది కాదు. చాటలో బియ్యం చెరిగే మనిషి చేతుల్లో ఎంత నింపాది ఉంటుందో దాని చేతుల్లో అంత నింపాది ఉండేది.

న్యూజిలాండువారితో ఆట ఖాయమైన కొద్ది రోజులకే మరో కబురు వచ్చింది. ఆటగాళ్లను ఎంపిక చేసే పెద్దమనిషి ఒకాయన హైదరాబాదు నుంచి ఆ రోజు విజయనగరం వస్తున్నారనీ, మా పిల్లల్లో బాగా ఆడిన ఒక్కరిని రాష్ట్ర జట్టులోకి తీసుకుంటారనీ. ఆ ఒక్కరు ఎవరో మా అందరి మనసుల్లోనూ అప్పటికే తేలిపోయింది. ఒక్క మా వదినకే తేలలేదు. డిగ్రీ ఆఖరి పరీక్షలు దగ్గరపడుతున్నాయి, అవి అవగానే కూతురు ఇంటికి రావాలి, ఇంటిపట్టున ఉండాలి అన్నది ఆవిడ పట్టు. అన్నయ్య కూతురి వైపూ మొగ్గలేక, భార్య మాటా తీసేయలేక, నా దగ్గరకు వచ్చి వీధి అరుగు మీద కూర్చుని ఇలా తీర్పు చెప్పాడు: “ఆళ్లు తీసుకున్నారంటే ఆడుకోనీ సెల్లీ, మీ వొదిన్ని నాను సూసుకుంతాను. తీసుకోలేదంటే మాత్రం పరీచ్చలవగానే ఇంటికొచ్చీయాల. ఆ మీద బ్యాటూ గీటూ అనకూడదు. దానికీ ఇప్పుడే సెప్పీ.”

చెప్పాను. మా మేనకోడలు సరే అత్తా అని, పెరటి గోడకు బంతి కొట్టుకోవడానికి వెళ్లిపోయింది. కాని ఆ రోజు నుంచి గోడకు తగిలే బంతి చప్పుడు మారింది. అంతకుముందు ఆటలా వినపడేది, ఆ తరువాత పనిలా వినపడేది.

ఆ పిల్లలకు నేను నేర్పినది ఏదైనా ఉందంటే అది పరుగు తీసేటప్పటి పిలుపులు. బ్యాటు పట్టుకున్న ఇద్దరూ ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకోవాలో పుస్తకంలో చక్కగా రాసి ఉంది. మాటలు మూడే. యస్, నో, వెయిట్. మా పిల్లలైతే ఒకతె రాయే అనేది, ఒకతె పద పద అనేది, మరొకతె ఏదీ అనకుండా కళ్లతో సైగ చేసేది. ఇంటికొక పద్ధతి. ఇలా కాదని, సాయంత్రాలు కళాశాల వరండాలో ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, నేను చప్పట్లు కొడుతూ, ఆ మూడు మాటలనూ ఎక్కాల్లాగా వల్లె వేయించాను. మా మేనకోడలికి జతగా ఆడే పిల్ల బజారులో బట్టల కొట్టువారి అమ్మాయి. మాట పెగిలితే ఆగేది కాదు. “మేడంగారండీ, ఆ వెయిట్ అనే లోపల బంతి ఎల్లిపోయి తిరిగి కూడా వచ్చీసింది. మనకి ఉండవే అంటే సరిపోదేటండి” అని అందరి ముందూ అనేసింది. జట్టంతా నవ్వింది. నేను నవ్వలేదు. మళ్లీ మొదటి నుంచి చెప్పించాను.

ఇక్కడ మా మేనకోడలి అలవాటు ఒకటి చెప్పాలి. అది దాని ఒక్కదాని అలవాటు కాదు, మన ఇళ్లలో అందరి అలవాటూను. వంటింట్లోంచి పిలుస్తాం, అవతలి గదిలోంచి ‘వత్తన్నా’ అని వినపడుతుంది. మనిషి రాదు. మళ్లీ పిలుస్తాం, మళ్లీ ‘వత్తన్నా’ అంటుంది. అన్నం చల్లారుతుంది. ఆ మాటకు మన ప్రాంతంలో అర్థం వస్తున్నానని కాదు. నీ పిలుపు విన్నాను, నన్ను కాసేపు నా మానాన వదిలిపెట్టు అని. ఆ పిల్ల నా దగ్గరకు వచ్చిన కొత్తలో ఒకనాడు విసుగెత్తి, వర్తమానకాల క్రియ ప్రయోగించినప్పుడు ఆ క్రియ జరుగుతూ ఉండాలనీ, వస్తున్నానని అన్న మనిషి కాళ్లు కదులుతూ కనపడాలనీ, లేకపోతే మాటకు విలువ ఉండదనీ కంచం ముందు కూర్చోబెట్టి గట్టిగానే చెప్పాను. అది బుద్ధిగా విని, ముద్ద కలుపుకుంటూ, “నోరు ముందొచ్చీసింది కదత్తా, కాళ్లు ఎనకాల వత్తాయి” అంది. కోపం రావలసిన చోట నవ్వు వచ్చి, ఆ నవ్వు కనపడకుండా మజ్జిగ తేవడానికి లేచాను.

ఆట ఏర్పాట్లలో నాకు మిక్కిలి శ్రమ ఇచ్చినవి రెండు. ఒకటి, పిచ్ మీద పరచడానికి పట్టా. నెల్లిమర్లలో జనపనార మిల్లులో పనిచేసే మా బాబాయి తనకు తెలిసినవారిని పట్టుకుని మందపాటి నారపట్టా ఒకటి ఇప్పించాడు. దాని మీద బంతి పైకి లేచేది కాదు; నేలను అంటిపెట్టుకుని, ఆలోచించుకుంటూ వచ్చేది. మా పిల్లలు నెలల తరబడి దాని మీదనే ఆడి దాని గుణం తెలుసుకున్నారు. రెండవది దుస్తులు. ప్యాంట్లు కుట్టించడానికి తల్లులు ఒప్పుకోలేదు, పరికిణీలతో పరుగెత్తడం సాధ్యం కాదు. చివరకు తెల్లని పంజాబీ దుస్తులూ, వాటి మీద ఛాతీకి అడ్డంగా వేసి నడుము దగ్గర ముడివేసిన తెల్లని ఓణీలూ నిర్ణయించాను. ముడి అందరికీ ఎడమవైపే ఉండాలని కూడా నిర్ణయించాను. ఎందుకని ఎవరైనా అడిగి ఉంటే చెప్పలేకపోయేదాన్ని. ఎవరూ అడగలేదు.

ఆట రోజు ఉదయం రైలుకు మా ఊరి జనం సగం దిగారు. మా అమ్మ మామిడి తాండ్ర చుట్టలు మూటకట్టి తెచ్చింది. వదిన ముఖం గంటు పెట్టుకుని, గొడుగు వేసుకుని, మొదటి వరుసలోనే కూర్చుంది. అన్నయ్య ఇస్త్రీ పంచె కట్టుకుని ఎవరితోనూ కలవకుండా కంచె దగ్గర నిలబడ్డాడు. న్యూజిలాండు పిల్లలు బస్సు దిగారు. ఎండకు అప్పటికే కమిలిన ముఖాలు, మోకాళ్ల దాకా తెల్లని గౌన్లు, నవ్వుతూ అందరికీ చేతులు ఊపడం. వదిన వాళ్లను తేరిపార చూసి మా అమ్మతో, “పాపం, అంత దూరం నుంచొచ్చేరు, గుడ్డ సాలినట్టు లేదు” అంది. మా అమ్మ, “నోర్ముయ్యే, ఆళ్లకి తెలుగొస్తాదేమో” అని హెచ్చరించింది. వాళ్ల నాయకురాలేమో మా పిల్లల ఓణీలు చూసి, ఈ ఎండలో ఇన్ని గుడ్డలతో ఎలా ఆడతారు పాపం అని ఆంగ్లంలో నాతో అంది. ఆ రెండు జాలిమాటలనూ ఒకరిది ఒకరికి తర్జుమా చేయకుండా నేను సంయమనం పాటించాను.

ముందు వాళ్లు ఆడారు. ఎన్ని పరుగులు తీశారో ఇప్పుడు చెప్పి ప్రయోజనం లేదు. మేము గెలిచే ఆట కాదని తొలి గంటలోనే పిల్లలకూ, పెద్దలకూ, కంచె మీద కూర్చున్న కాకులకు కూడా తెలిసిపోయింది. వాళ్లలో ఒక పొడుగాటి అమ్మాయి కొట్టిన బంతి రోడ్డు దాటి జట్కాలు నిలిపే చోట పడితే, జట్కావాడు దాన్ని తెచ్చి ఇస్తూ ఇంకోటి కొట్టమ్మా అని సలహా చెప్పి వెళ్లాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మా అమ్మ తాండ్ర ముక్కలు కోసి అందరికీ పంచింది. వాళ్ల పిల్ల ఒకతె దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, వంచి, వెలుతురుకు అడ్డం పెట్టి చూసి, గ్లవుకు అతుకు వేసే తోలు అనుకుందట. నోట్లో పెట్టుకుని చూపిస్తే గాని తినలేదు. తిన్న తరువాత మూట దగ్గర నుంచి కదలలేదు.

మా వంతు వచ్చింది. మొదటి పిల్లలు తొందరగానే వెనక్కి వచ్చేశారు. అప్పుడు మా మేనకోడలూ, బట్టల కొట్టువారి అమ్మాయీ జత కట్టారు. న్యూజిలాండువారి బంతులు విసురుగా వచ్చి ఆ నారపట్టా మీద పడగానే వాటి పొగరు అణిగిపోయేది. మా మేనకోడలు వంగి, ఆగి, బంతి దగ్గరకు వచ్చేదాకా ఓపిక పట్టి, ఖాళీగా ఉన్న చోటికి దాన్ని పంపించేది. చూస్తుండగానే చప్పట్లు ఊపందుకున్నాయి. షామియానా కింద కుర్చీలో కూర్చున్న హైదరాబాదు పెద్దమనిషి పక్కనున్న మా ప్రిన్సిపాలుగారి వైపు ఒరిగి ఏదో అడగడం, ఆవిడ నా వైపు చూపించడం నేను చూశాను. అన్నయ్య కూడా చూశాడు. అప్పటి నుంచి అతడు ఆట చూడడం మానేసి ఆ పెద్దమనిషి ముఖమే చూడసాగాడు. ఇంకొక్క అరగంట నిలబడితే చాలునని నా పక్కన నిలబడ్డ వ్యాయామోపాధ్యాయుడు మెల్లగా అన్నారు. నేను ఎవరికీ కనపడకుండా, పమిట చాటున, వేళ్లు గట్టిగా ముడుచుకున్నాను.

అప్పుడు జరిగింది. మా మేనకోడలి బ్యాటు అంచుకు తగిలిన బంతి వెనకవైపుగా, దాని కళ్లకు కనపడని దిక్కుగా దొర్లింది. అటువంటప్పుడు పిలవవలసినది అవతలి కొసన ఉన్న పిల్ల. ఆ పిల్ల పిలిచింది. కాని నేను వరండాలో వల్లె వేయించిన మాటలు ఆ క్షణంలో దాని నోటికి రాలేదు. “రాయే, రాయే” అని అరుస్తూ పరుగందుకుంది. మా మేనకోడలు బంతి ఎటు పోయిందో వెతుక్కుంటూ, తల వెనక్కి తిప్పి ఉండి, నోరు మాత్రం తెరిచి, “వత్తన్నా” అంది. స్పష్టంగా, నిదానంగా, అవతలి గదిలోంచి అన్నట్టే అంది. అని, ఉన్న చోటనే నిలబడింది.

బట్టల కొట్టువారి అమ్మాయి ఆ మాట నమ్ముకుని దారంతా పరుగెత్తుకుని వచ్చేసింది. వచ్చి చూస్తే మా మేనకోడలు కదలకుండా ఉంది. ఇద్దరూ ఒకే గీత లోపల, భుజం భుజం తగిలేలా నిలబడ్డారు. అవతలి కొస ఖాళీ. వెనక బంతి ఏరుకున్న పిల్ల దాన్ని అటే విసిరేసింది. “వత్తన్నానన్నావు కదే” అని ఆ పిల్ల ఏడుపు గొంతుతో అనడం బౌండరీ దగ్గర ఉన్న మాకు కూడా వినపడింది.

నియమం నాకు తెలుసు. మా వ్యాయామోపాధ్యాయుడికి తెలుసు. ఆ ఇద్దరికీ తెలుసు, ఎందుకంటే నేనే చెప్పాను. గీత లోపల మొదటి నుంచి నిలబడి ఉన్న మా మేనకోడలు అలాగే కదలకుండా ఉంటే, అవుటయ్యేది పరుగెత్తి వచ్చిన పిల్ల. మా మేనకోడలికి ఏ ఇబ్బందీ లేదు. ఆట కొనసాగేది, షామియానా కింద ఆ పెద్దమనిషి చూస్తూ ఉండేవారు.

మా మేనకోడలు ఆ పిల్ల ముఖం వైపు ఒక్కసారి చూసింది. తరువాత గీత దాటి బయటకు అడుగు వేసి, అవతలి కొసకు పరుగెత్తింది. ఏదో నామమాత్రానికి నడవడం కాదు; నిజంగా అందుకోగలనన్నట్టు, ఓణీ ముడి ఊడిపోయేటంత పరుగు. బంతి అప్పటికే బౌలరు చేతిలో ఉంది. ఆ అమ్మాయికి కూడా ఇదేమిటో అర్థం కాలేదు కాబోలు, ఒక క్షణం ఆగి, మెల్లగా, తప్పదన్నట్టు, వికెట్ల మీది పుల్లలు పడగొట్టింది.

అన్నయ్య కంచె దగ్గర నుంచి నా దగ్గరకు గబగబా వచ్చాడు. “అదేటే, లోపలే ఉన్నాది కదా, అలా బయిటికి పరిగెత్తీసిందేటి?” అని అడిగాడు. నియమం విడమరిచి చెప్పాను. విన్నాడు. మా మేనకోడలు బ్యాటు చంకన పెట్టుకుని, ఊడిన ముడి బిగించుకుంటూ మా దగ్గరకు వచ్చింది. నా ముఖంలో ఏమి కనపడిందో గాని, నేను నోరు తెరవకముందే, “వత్తన్నా అన్నాను కదత్తా. మరి ఎల్లకపోతే ఎలాగ?” అంది. వ్యాకరణం నేర్పినదాన్ని నేనే గనుక, దాని చంకలోని బ్యాటు అందుకున్నాను.

బట్టల కొట్టువారి అమ్మాయి కళ్లు తుడుచుకుంటూనే చివరిదాకా నిలబడి ఆడింది, చాలా చక్కగా ఆడింది. ఆట ముగిశాక ఆ పెద్దమనిషి దాని పేరే చెప్పారు. ఆయనను తప్పుపట్టడానికి వీలు లేదు. నిలబడినవారినే ఎవరైనా ఎంచుకుంటారు. న్యూజిలాండు నాయకురాలు వెళ్లేముందు వెతుక్కుంటూ వచ్చి మా మేనకోడలి చేయి పట్టుకుని ఊపి, దాని భుజం తట్టి బస్సెక్కింది.

మర్నాడు ఉదయం బట్టల కొట్టువారి అమ్మాయి మా ఇంటికి వచ్చి, తాను రాష్ట్ర జట్టులోకి వెళ్లననీ, అక్కడికి వెళ్లవలసినది తాను కాదనీ గుమ్మంలో నిలబడి భీష్మించుకుంది. మా మేనకోడలు ఇల్లు ఊడుస్తున్న చీపురు పట్టుకునే బయటకు వచ్చి, “ఎల్లవే ఓలమ్మీ. నువ్వు ఎల్లకపోతే నాను అవుటైంది ఎందుకే? ఎల్తావా, సీపురు తిరగెయ్యమంతావా?” అంది. ఇద్దరూ నవ్వారు, ఆ తరువాత ఇద్దరూ ఏడ్చారు. నేను లోపలికి వెళ్లి వాళ్లకు కాఫీ పెట్టాను. ఆ పిల్ల వెళ్లింది. రాష్ట్రం తరఫున కొన్నాళ్లు ఆడింది. ఆ ఆట పుణ్యమా అని రైల్వేలో ఉద్యోగం వచ్చి, ఇటీవలనే విరమించింది. ఇప్పటికీ మా మేనకోడలికి ఫోను చేసినప్పుడు, హలో అనడానికి బదులు రాయే అంటుంది.

పరీక్షలు అయ్యాయి. అన్నయ్య తన మాట ప్రకారం కూతురిని తీసుకువెళ్లడానికి వచ్చాడు. వదిన పట్టు నెగ్గింది గాని, ఆ నెగ్గడంలో అన్నయ్యకు సంతోషం ఉన్నట్టు కనపడలేదు. పెట్టె రిక్షాలో పెట్టించి, తిరిగి లోపలికి వచ్చి, మా మేనకోడలికి వినపడకుండా నన్ను ఒక్క మాట అడిగాడు. “ఆ న్యూజిలాండోళ్లు మళ్లీ ఎప్పుడొత్తారే?” అని. వాళ్లు కాకపోతే ఇంకెవరైనా, ఎక్కడైనా సరే, ఇంకొక్క ఆట ఉంటే ఉంచుతానని ఆ ప్రశ్నకు అర్థం. కళాశాలలో ఏ తరగతి ఎప్పుడో, ఏ పరీక్ష ఎప్పుడో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదాన్ని. దానికి మాత్రం బదులు చెప్పలేకపోయాను. తెలిసినవారందరినీ వాకబు చేశాను. వాళ్లకూ తెలియదు. ఆ ఏడు ఆట లేదు. మరుసటి ఏడూ లేదు. జట్టులోని పిల్లలు ఒకరొకరుగా చదువులు ముగించుకుని ఎవరి ఊళ్లకు వాళ్లు చేరారు. నారపట్టా బాబాయి ఇంట్లో ధాన్యం ఆరబోసుకోవడానికి పనికి వచ్చింది. మా ప్రిన్సిపాలుగారు విరమించాక వచ్చినావిడకు త్రోబాల్ అంటే ఇష్టం.

మా మేనకోడలి జీవితం చెడిపోయిందని ఎవరూ అనుకోకూడదు. కళింగపట్నం వైపు మంచి సంసారంలో పడింది. ఉన్న పొలాన్ని పెంచింది, ఇంటిని నిలబెట్టింది, పిల్లలను చదివించుకుంది. నాకు వయసు పైబడి ఒంటరిగా ఉండడం కష్టమయ్యాక, పిల్లల చదువుల కోసం శ్రీకాకుళంలో కట్టుకున్న తన ఇంటికి నన్ను తీసుకువచ్చి పెట్టుకున్నదీ అదే. ఆ ఆట గురించి దిగులు పడడం నేనెన్నడూ చూడలేదు. కాని వీధిలో మగపిల్లలు ఆడుతున్న బంతి ఎప్పుడైనా మా ప్రహరీ దాటి వచ్చి పడితే, మా మేనకోడలు దాన్ని తిరిగి విసిరే తీరు ఒకటుంది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, మోచేయి భుజం దాకా ఎత్తి, నేరుగా వికెట్లకు కొడుతుంది. ఆ పిల్లలు బంతి కావాలనే మా ఇంట్లోకి కొడతారని నా అనుమానం.

స్టేషనులో ఆ పిల్లలు కనపడిన రోజు సాయంత్రం ఇద్దరం టీవీ ముందు కూర్చున్నాం. విశాఖపట్నం మైదానం నిండా దీపాలు, జనం. మన అమ్మాయి ఒకతె, ఇరవయ్యేళ్లు నిండి ఉంటాయో లేదో, వచ్చీ రాగానే లేని పరుగుకు పోయి రనౌటయింది. హెల్మెట్టు తీసి, తల వంచుకుని వెళ్లిపోతున్న ఆ పిల్ల ముఖాన్ని అంత పెద్దదిగా చూపిస్తుంటే నాకు ప్రాణం విలవిలలాడింది. “పాపం, దాని పని అయిపోయింది” అని పైకే అనేశాను.

మా మేనకోడలు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండానే, “దానికేటవుతాదత్తా. ఎల్లుండి మళ్లీ ఆట ఉన్నాది కదా” అంది.

అందులో నిష్ఠూరం ఏమీ లేదు. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా అంది. నేనే ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఈ ఆటలో ఇన్నేళ్లలో వచ్చిన మార్పు ఏమిటని ఎవరైనా నన్ను అడిగితే, ఆ దీపాల గురించో, ఆ జనం గురించో, ఆ పిల్లలకు దొరుకుతున్న గౌరవం గురించో చెప్పేదాన్ని. ఇకమీదట వాటి జోలికి వెళ్లను. మా పిల్లల చేతుల్లో ఆట ఉండేది. ధైర్యం ఉండేది. ఇచ్చిన మాట మీద నిలబడే గుణం ఉండేది. వాళ్లకు లేకపోయింది ఎల్లుండి ఒక్కటే.